అమ్మకో నాన్నకో థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్: సర్జన్‌ను ఎలా ఎంచుకోవాలి?

సూది పరీక్ష రిపోర్టులో 'పాపిలరీ కార్సినోమా' అని చూడగానే ఇంట్లో ఎవరికీ కాళ్లూ చేతులూ ఆడవు. సాయంత్రానికల్లా చుట్టాలు తలా ఒక ఆసుపత్రి పేరు చెబుతారు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక విజిటింగ్ కార్డు చేతిలో పెడతాడు. పట్నంలో ఉండే చిన్నాన్న 'ఫలానా పెద్దాసుపత్రికి తీసుకొచ్చెయ్యండి, నేను మాట్లాడతా' అంటాడు. అందరిదీ ప్రేమే. కానీ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంటుంది: అమ్మ మెడ మీద కత్తి పెట్టేది ఎవరు, ఆ మనిషి ఈ ఆపరేషన్ ఎంత తరచుగా చేస్తారు?

నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు నుంచి అమ్మానాన్నలను తీసుకుని బయలుదేరే కొడుకులు, కూతుళ్ల కోసం ఇది రాస్తున్నాను. మా అమ్మకు ఈ ఆపరేషన్ అయింది. అప్పుడు నాకు బాగా అర్థమైన విషయం ఏమిటంటే, ఆసుపత్రి బోర్డు ఎంత పెద్దదో చూడటం కన్నా, సర్జన్ చెయ్యి ఎంత తిరిగినదో తెలుసుకోవడం ముఖ్యం. అది తెలుసుకోవడానికి డాక్టరు చదువు చదివి ఉండనక్కర్లేదు.

1. ముందు నిదానించండి

థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువ భాగం పాపిలరీ రకమే. అది సాధారణంగా నెమ్మదిగా పెరుగుతుంది. మంచి సర్జన్‌ను వెతకడానికి రెండు మూడు వారాలు పట్టినంత మాత్రాన చాలామందికి నష్టం ఏమీ ఉండదు. క్యాన్సర్ అనే మాట వినగానే 'ఈ వారమే అయిపోవాలి' అనే కంగారు మనసులో పడుతుంది. ఆ కంగారులోనే తప్పుడు చోట సంతకాలు పెట్టేస్తాం.

అయితే ఆగకూడని సందర్భాలూ ఉన్నాయి. గడ్డ కొద్ది వారాల్లోనే కళ్లకు కనిపించేంతగా పెరిగినా, పడుకుంటే ఊపిరి ఆడకపోయినా, మింగడం కష్టమైనా, గొంతు ఉన్నట్టుండి బొంగురుపోయినా, రిపోర్టులో 'అనాప్లాస్టిక్' (చాలా వేగంగా పెరిగే రకం) అనే మాట ఉన్నా, వెంటనే పెద్ద క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లండి. సర్జన్ల గురించి ఆరా తీస్తూ కూర్చోవద్దు.

రిపోర్టులో 'మెడుల్లరీ' అని ఉంటే దారి కొంచెం వేరు. అది కుటుంబంలో వచ్చే రకం కావచ్చు. కాల్సిటోనిన్ రక్త పరీక్ష, జన్యు పరీక్ష అవసరమవుతాయి. మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథిలో గడ్డ లేదని తేల్చుకున్నాకే ఆపరేషన్ టేబుల్ ఎక్కించాలి, లేకపోతే మత్తు ఇచ్చాక బీపీ ప్రమాదకరంగా పెరిగిపోవచ్చు. మెడుల్లరీ అని తెలిసి కూడా సర్జన్ ఆ ఊసే ఎత్తకపోతే ఇంకొకరిని చూసుకోండి.

2. కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టండి

స్కానింగ్ రిపోర్టు, దాని ఫిల్ములు, సూది పరీక్ష రిపోర్టు, రక్త పరీక్షలు, పాత మందుల చీటీలు తేదీల వరుసలో పెట్టండి. సూది పరీక్ష చేసిన ల్యాబుకు వెళ్లి గాజు స్లైడ్లు కూడా అడిగి తెచ్చుకోండి. ఇది చాలామంది మరిచిపోతారు. పట్నంలో పెద్ద ఆసుపత్రులు ఆ స్లైడ్లను తమ పాథాలజిస్టుతో మళ్లీ చూపిస్తాయి. చేతిలో స్లైడ్లు ఉంటే అమ్మకు రెండోసారి సూది గుచ్చే బాధ తప్పొచ్చు.

సూది పరీక్ష రిపోర్టులో 'బెథెస్డా' అని ఒక అంకె ఉంటుంది. 6 అంటే క్యాన్సర్ కణాలు కనిపించాయని. 5 అంటే గట్టి అనుమానం. 3, 4 అంటే ఇంకా తేలలేదని. 3 లేదా 4 ఉన్నప్పుడే ఎవరైనా 'క్యాన్సరే, మొత్తం తీసేయాలి' అని తేల్చి చెబుతుంటే, ఎందుకో అడగండి. అలాంటప్పుడు సాధారణంగా పరీక్ష మళ్లీ చేస్తారు, లేదా సగం గ్రంథి తీసి పరీక్షకు పంపుతారు.

అన్నిటికన్నా ముఖ్యం, మెడ మొత్తానికి చేసిన అల్ట్రాసౌండ్. గ్రంథి ఒక్కటే చూసి రాసిన రిపోర్టు చాలదు. మెడకు రెండు వైపులా ఉండే బిళ్లలను, అంటే లింఫ్ నోడ్లను, కూడా చూసి రాయాలి. పాపిలరీ క్యాన్సర్ ముందుగా పాకేది వాటిలోకే. వాటిని చూడకుండా ఆపరేషన్ చేస్తే, ఏడాది తిరగకుండా మళ్లీ మెడ కోయాల్సి రావచ్చు. ఒకసారి కోసిన చోట కండ అతుక్కుపోయి నరాలు గుర్తుపట్టడం కష్టమవుతుంది. అందుకే మొదటి ఆపరేషన్ సరిగ్గా జరగడం అంత ముఖ్యం.

ఒక జాగ్రత్త: ఎవరైనా అయోడిన్ మందు ఎక్కించి సీటీ స్కాన్ చేయిస్తే, ఆ తేదీ రాసి పెట్టుకోండి. తర్వాత రేడియో అయోడిన్ చికిత్స (మిగిలిపోయిన థైరాయిడ్ కణాలను చంపడానికి ఇచ్చే రేడియో ధార్మిక మందు) అవసరమైతే, ఆ స్కాన్ తర్వాత కొన్ని వారాలు ఆగాల్సి ఉంటుంది. సీటీ అవసరమైన చోట చేయించాల్సిందే. తేదీ మాత్రం డాక్టరుకు తెలియాలి.

3. ఎలాంటి సర్జన్ కావాలో తెలుసుకోండి

థైరాయిడ్ ఆపరేషన్ నాలుగైదు రకాల సర్జన్లు చేస్తారు. ఎండోక్రైన్ సర్జన్లు (థైరాయిడ్ లాంటి గ్రంథుల ఆపరేషన్లు చేసేవారు), ఎం.సీహెచ్. అనే పై చదువు చేసిన సర్జికల్ ఆంకాలజిస్టులు (క్యాన్సర్ సర్జన్లు), తల-మెడ క్యాన్సర్లలో ప్రత్యేక శిక్షణ తీసుకున్నవారు, ఈఎన్‌టీ సర్జన్లు, జనరల్ సర్జన్లు. ఫలానా డిగ్రీ ఉంటేనే మంచివారని చెప్పలేం. మన జిల్లాల్లో థైరాయిడ్ గడ్డలు ఏళ్ల తరబడి చక్కగా తీస్తున్న జనరల్ సర్జన్లు ఉన్నారు, వారి మీద నాకు గౌరవం ఉంది. కానీ మామూలు గడ్డ తీయడం వేరు, క్యాన్సర్‌లో నోడ్లు కూడా శుభ్రం చేయడం వేరు. నోడ్లకు పాకిన క్యాన్సర్ అయితే, మెడ నోడ్ల ఆపరేషన్ రోజువారీ పనిగా చేసేవారే కావాలి.

డాక్టరు పేరు బోర్డు మీద ఎలా ఉందో అలాగే రాసుకుని రండి. రిజిస్ట్రేషన్ నంబరు తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో ఉందో లేదో ఇంటర్నెట్‌లో చూడొచ్చు. పేరు పక్కన ఉన్న అక్షరాల్లో ఏది డిగ్రీ, ఏది సభ్యత్వం, ఏది నాలుగు రోజుల కోర్సు సర్టిఫికెట్ అనేది తెలిసిన ఏ హౌస్ సర్జన్‌ను అడిగినా చెబుతారు. మీ ఊళ్లో ఎంబీబీఎస్ చదివే పిల్లలు ఎవరో ఒకరు ఉంటారు, వారి సాయం తీసుకోండి.

4. అసలు ప్రశ్న: ఏడాదికి ఎన్ని?

ఈ గ్రంథి గాలి గొట్టానికి అతుక్కుని ఉంటుంది. దాని వెనకే రెండు పక్కలా మాటకు సంబంధించిన నరాలు పోతుంటాయి. ఒకటి దెబ్బతింటే గొంతు బొంగురుపోతుంది. రెండూ దెబ్బతింటే ఊపిరికే కష్టమై, గొంతుకు రంధ్రం పెట్టాల్సి వస్తుంది. ఇంకా, గ్రంథికి అంటుకుని పారాథైరాయిడ్లు అనే చిన్న గ్రంథులు ఉంటాయి, మామూలుగా నాలుగు, ఒక్కోటి కందిబద్ద అంత. రక్తంలో కాల్షియం వాటి చేతిలో ఉంటుంది. అవి పోయినా, వాటికి రక్తం అందకపోయినా, అమ్మ జీవితాంతం కాల్షియం బిళ్లల మీద బతకాలి. క్యాన్సర్ మొత్తం తీయాలి, వీటిని కాపాడాలి. ఈ రెండూ ఒకేసారి చేయడం అలవాటైన చేతికే సాధ్యం.

2017లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం, మొత్తం థైరాయిడ్ తీయించుకున్న దాదాపు 17 వేల మంది రికార్డులను పరిశీలించింది. ఏడాదికి 25 కన్నా ఎక్కువ ఈ ఆపరేషన్లు చేసే సర్జన్ల దగ్గర ఇబ్బందులు తక్కువని తేల్చింది. ఆ అధ్యయనంలోని సర్జన్లలో సగానికి పైగా ఏడాదికి ఒకే ఒక్కటి చేస్తున్నారట. అమెరికాలోనే అలా ఉంటే, ఇక్కడ మనం అడగకుండా ఎలా ఉంటాం? 25 అనేది గీత గీసినట్టు పట్టుకోవాల్సిన అంకె కాదు. కానీ నెలకు రెండు కూడా చేయని చోటికి అమ్మను తీసుకెళ్లేముందు ఆలోచించాల్సిందే.

అడగడానికి మొహమాటం వేస్తుంది. మన వైపు డాక్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడటమే అలవాటు. అయినా అడగొచ్చు, మర్యాదగా అడిగితే మంచి డాక్టరు ఎవరూ కోప్పడరు. 'సార్, మా అమ్మ కదా, అందుకని అడుగుతున్నా. థైరాయిడ్ ఆపరేషన్లు మీరు నెలకు ఎన్ని చేస్తారు? అందులో క్యాన్సర్‌వి ఎన్ని?' అంటే చాలు. మేము చూపించిన సర్జన్లలో ఒకరు, అడగకముందే తమ అంకెలు చెప్పి, తమ దగ్గర ఇబ్బంది వచ్చిన కేసుల గురించి కూడా చెప్పారు. మా అమ్మ ఆపరేషన్ ఆయన చేతుల మీదుగానే అయింది.

5. సర్జన్ ముందు కూర్చున్నప్పుడు

ఓపీలో మీకు దొరికేది పది నిమిషాలు. ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకోండి. ఇంటి నుంచి ఒకరు మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి. నలుగురు ఒకేసారి మాట్లాడితే ఏదీ గుర్తుండదు.

ముందుగా అడగాల్సింది: సగం తీస్తారా, మొత్తం తీస్తారా, ఎందుకు? ఒకప్పుడు క్యాన్సర్ అంటే మొత్తం తీసేయడమే. ఇప్పుడు అలా కాదు. గడ్డ 4 సెంటీమీటర్ల లోపే ఉండి, గ్రంథి దాటి బయటకు పోకుండా, నోడ్లలో ఏమీ లేకపోతే, చాలామందికి ఒక వైపు తీయడం సరిపోతుంది. సగం తీస్తే కాల్షియం సమస్య దాదాపు ఉండదు, కొందరికి థైరాయిడ్ బిళ్ల అవసరం కూడా రాదు. రెండు వైపులా గడ్డలున్నా, నోడ్లకు పాకినా, 4 సెంటీమీటర్లు దాటినా మొత్తం తీయడమే మంచిది. మీ అమ్మ విషయంలో ఏది, ఎందుకు అనేది సర్జన్ ఆమె స్కానింగ్ చూపిస్తూ చెప్పగలగాలి.

గడ్డ 1 సెంటీమీటరు కూడా లేకపోతే, అమ్మకు గుండె జబ్బో, వయసు బాగా మీద పడటమో ఉంటే, ఇంకో ప్రశ్న కూడా అడగండి: 'ఇప్పుడే తీయాలా సార్? స్కానింగ్‌తో చూస్తూ ఆగొచ్చా?' జపాన్‌లోని కోబే నగరంలో కూమా ఆసుపత్రి 1993 నుంచి ఇలాంటి చిన్న పాపిలరీ గడ్డలను ఆపరేషన్ లేకుండా గమనిస్తూ వస్తోంది. చాలా వాటిలో పెద్ద మార్పు రాలేదు. అందరికీ ఈ దారి కుదరదు, కానీ ఆ మాట వినగానే కొట్టిపారేయకుండా వివరించే డాక్టరు మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

తర్వాతది, కొంచెం కష్టమైనది: 'మీ దగ్గర గొంతు శాశ్వతంగా పోయినవారు ఎంతమంది? కాల్షియం బిళ్లలు ఎప్పటికీ వాడాల్సి వచ్చినవారు ఎంతమంది?' అనుభవం ఉన్నవారి చేతుల్లో ఇవి రెండూ నూటికి ఒకటి రెండు, నోడ్లు ఎక్కువగా తీయాల్సి వస్తే ఇంకొంచెం ఎక్కువ. తాత్కాలికంగా కాల్షియం తగ్గడం మాత్రం మామూలే, మొత్తం తీసినవారిలో నూటికి ఇరవై ముప్పై మందికి కొన్ని వారాలు ఉంటుంది. 'మా దగ్గర ఒక్కరికీ ఏమీ కాలేదు' అనే జవాబు వింటే నాకు నమ్మకం కలగదు. వందల ఆపరేషన్లు చేసినవారికి ఒక్క ఇబ్బంది కూడా రాకపోవడం ఉండదు.

'ఆపరేషన్ మొత్తం మీరే చేస్తారా, మీ జూనియర్లు చేస్తారా?' అని కూడా అడగండి. బోధనాసుపత్రుల్లో పీజీలు పక్కన ఉంటారు, కొంత పని చేస్తారు, అది మామూలే. నరాలు, పారాథైరాయిడ్ల దగ్గర చెయ్యి ఎవరిదో తెలిస్తే చాలు.

నరం పనిచేస్తోందో లేదో ఆపరేషన్ మధ్యలో చూసే నర్వ్ మానిటర్ ఉందా అని అడగండి, ముఖ్యంగా పెద్ద గడ్డకైనా, రెండోసారి ఆపరేషన్‌కైనా. కానీ ఆ యంత్రం ఉందని చెప్పి సర్జన్‌ను ఎంచుకోవద్దు. నరాన్ని కంటితో వెతికి పట్టుకోవడం తెలిసినవారికే అది పనికొస్తుంది.

మెడ మీద మచ్చ పడకుండా నోటి లోపల నుంచో, చంక నుంచో, రోబోతోనో చేస్తామని కొందరు చెబుతారు. పెళ్లీడు అమ్మాయికి అది ముఖ్యం కావచ్చు. అరవై ఏళ్ల అమ్మకు క్యాన్సర్ ఆపరేషన్‌లో నాకైతే మెడ ముందు చిన్న గీతే మేలనిపిస్తుంది. ఆ గీత మెడ ముడతలో కలిసిపోతుంది, ఖర్చూ తగ్గుతుంది.

గొంతు గురించి మీరే చెప్పండి. సర్జన్‌కు రిపోర్టులో అది కనిపించదు. అమ్మ బతుకమ్మ పాటలు ఎత్తుకుంటే వాడంతా అందుకుంటుందా? నాన్న మార్కెట్ యార్డులో కేకలేసి బతికే మనిషా, ఒగ్గు కథ చెబుతాడా, బడిలో పాఠం చెబుతాడా? మాటకు సంబంధించిన నరం ఒకటి మాత్రమే కాదు, గొంతు పైకి లేపడానికి, కేక వేయడానికి ఇంకో సన్నని నరం ఉంటుంది. దాని మీద కూడా దృష్టి పెట్టమని సర్జన్‌కు చెప్పే హక్కు మీకుంది.

6. ఆపరేషన్‌కు ముందు వారు ఏం చేయిస్తున్నారో గమనించండి

సర్జన్ జాగ్రత్త ఎంతో తెలుసుకోవడానికి ఇది తేలికైన దారి. గొంతు లోపల స్వరతంత్రులు కదులుతున్నాయో లేదో ఆపరేషన్‌కు ముందే చూస్తారా? చూడాలి. కొందరికి ఆపరేషన్‌కు ముందే ఒక వైపు తంత్రి కదలదు, మనకు తెలియదు. తర్వాత చూస్తే అది ఎప్పుడు పోయిందో ఎవరూ చెప్పలేరు. కాల్షియం, విటమిన్ డి పరీక్షలు చేయిస్తారా? విటమిన్ డి తక్కువ ఉన్నవారికి ఆపరేషన్ తర్వాత కాల్షియం పడిపోయే ఇబ్బంది ఎక్కువ. ముందే బిళ్లలు ఇచ్చి సరిచేసుకోవచ్చు.

షుగర్, బీపీ మందులన్నీ చూపించండి. గుండెకు స్టెంట్ ఉండి ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు వాడుతుంటే, ఏది ఎన్ని రోజులు ఆపాలో గుండె డాక్టరు, సర్జన్ ఇద్దరూ కలిసి చెప్పాలి. పక్కింటివారు చెప్పారని మీరే ఆపొద్దు.

ఉమ్మడి నల్లగొండ జిల్లా వారికి ప్రత్యేకంగా ఒక మాట. మర్రిగూడ, మునుగోడు, నారాయణపురం ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరం మన అమ్మానాన్నలది. వెన్ను, మెడ బిగుసుకుపోయినవారు చాలామంది ఉన్నారు. థైరాయిడ్ ఆపరేషన్‌లో మెడను వెనక్కి వంచి పడుకోబెడతారు, మత్తు డాక్టరు గొంతులోకి గొట్టం పెడతారు. మెడ వంగనివారికి ఈ రెండూ కష్టమే. హైదరాబాద్‌లో మత్తు డాక్టరుకు ఆ ఊరి పేరు వింటే ఏమీ తట్టకపోవచ్చు. మీరే చెప్పండి: 'మాది ఫ్లోరైడ్ ఊరు సార్, అమ్మ మెడ పూర్తిగా పైకి ఎత్తలేకపోతుంది, వెనక్కి తిరిగి చూడలేకపోతుంది.' అది విన్నాక మెడ ఎక్స్‌రే రాయించి, మత్తు ఎలా ఇవ్వాలో ముందే ఆలోచించుకుంటారు. ఆ మాట పట్టించుకోని చోట ఆపరేషన్ చేయించొద్దు.

7. ఎక్కడ? ఖర్చు ఎలా?

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. పరీక్షలకు, మొదటి అభిప్రాయానికి వాటిని వాడుకోండి. అక్కడి సర్జరీ, ఈఎన్‌టీ డాక్టర్లను 'మీ అమ్మకైతే ఎవరి దగ్గర చేయిస్తారు సార్?' అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు, పది మంది చుట్టాల సలహాల కన్నా విలువైనది. ఒక డాక్టరు పేరు వేర్వేరు నోళ్ల నుంచి వినిపిస్తే, ఆ పేరు రాసుకోండి. మత్తు డాక్టర్లు, ఆపరేషన్ థియేటర్ నర్సులు ఎవరైనా తెలిసి ఉంటే వారిని కచ్చితంగా అడగండి. సర్జన్ చెయ్యి ఎలాంటిదో రోజూ కళ్లారా చూసేది వారే.

ప్రభుత్వ రంగంలో రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, పంజాగుట్టలోని నిమ్స్, మనకు దగ్గరగా బీబీనగర్ ఎయిమ్స్ ఉన్నాయి. బంజారాహిల్స్‌లోని బసవతారకం ఆసుపత్రి క్యాన్సర్ కోసమే 2000లో మొదలైంది. వీటిలో ఎక్కడికెళ్లినా పైన చెప్పిన ప్రశ్నలు అవే. పేరున్న ఆసుపత్రిలో కూడా థైరాయిడ్ ఎక్కువగా చేసేవారు ఒకరిద్దరే ఉంటారు. ఓపీ చీటీ రాయించేటప్పుడే వారు ఏ రోజు కూర్చుంటారో కనుక్కోండి.

కార్డు ఉన్నవారు ఆరోగ్యశ్రీ మరవొద్దు. ఆ పథకం 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో కుటుంబానికి ఏడాది పరిమితి 10 లక్షలు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గరకెళ్లి, 'థైరాయిడ్ క్యాన్సర్, నోడ్లతో సహా ఆపరేషన్, ఇక్కడ కార్డు మీద అవుతుందా? రేడియో అయోడిన్ అవుతుందా?' అని రెండూ విడివిడిగా అడగండి. ఒకటి అయి, రెండోది కాకపోవచ్చు. కార్డు మీద చేస్తూనే 'ఇది బయట కొనాలి, అది బయట కట్టాలి' అంటే రసీదు అడగండి, ఆరోగ్యమిత్రకు చెప్పండి, 104కు ఫోన్ చేయండి.

సొంత డబ్బుతో చేయిస్తుంటే ప్యాకేజీలో ఏమేం ఉన్నాయో రాసి ఇమ్మనండి: సర్జన్, మత్తు డాక్టరు, థియేటర్, గది, బయాప్సీ, నర్వ్ మానిటర్, ఒక రోజు ఎక్కువ ఉండాల్సి వస్తే ఎంత. ఉన్న ఎకరం అమ్మి పెద్ద గది తీసుకోవాల్సిన పని లేదు. జనరల్ వార్డులో ఉన్నా ఆపరేషన్ చేసేది అదే చెయ్యి.

ఆర్‌ఎంపీ చెప్పిన ఆసుపత్రికి వెళ్లొద్దని అనను. ఊళ్లో అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది వారే. కానీ పేషెంట్‌ను పంపితే కమిషన్ ఇచ్చే ఆసుపత్రులు ఉన్నాయని మనందరికీ తెలుసు. ఆ పేరును కూడా మిగతా పేర్లలాగే అవే ప్రశ్నలతో పరీక్షించండి.

8. ఈ మాటలు వింటే లేచి రండి

'రేపే అడ్మిట్ కండి, లేకపోతే ఒళ్లంతా పాకుతుంది' అని పాపిలరీ విషయంలో బెదిరిస్తే లేచి రండి. 'గడ్డ ఒక్కటే తీసేద్దాం, గ్రంథి అలాగే ఉంటుంది' అన్నా లేచి రండి. క్యాన్సర్‌లో కనీసం ఆ వైపు గ్రంథి మొత్తం తీయాలి. మెడలో నోడ్ ఉబ్బితే, సూది పరీక్ష లేకుండా 'కోసి ముక్క తీద్దాం' అంటే ఎందుకని అడగండి. సూదితోనే చాలావరకు తేలుతుంది. ప్రశ్న అడిగినందుకు విసుక్కునేవారు, ఆపరేషన్ తర్వాత అర్ధరాత్రి ఫోన్ ఎత్తుతారని అనుకోకండి.

9. రెండో అభిప్రాయం తీసుకోండి, అమ్మతో మాట్లాడండి

అదే ఫైల్‌తో ఇంకో సర్జన్‌ను కలవండి. మొదటివారు ఏం చెప్పారో ముందే చెప్పకుండా వినండి. ఇద్దరూ ఒకే మాట చెబితే మనసు కుదుటపడుతుంది. వేర్వేరుగా చెబితే, ఎందుకో ఇద్దరినీ అడగండి. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లో సర్జన్, పాథాలజిస్ట్, న్యూక్లియర్ మెడిసిన్ డాక్టర్ (రేడియో అయోడిన్ ఇచ్చేవారు) కూర్చుని చర్చించే ట్యూమర్ బోర్డు ఉంటుంది. చిక్కు కేసైతే అక్కడ పెట్టమని అడగొచ్చు.

మన ఇళ్లలో అమ్మకు 'క్యాన్సర్' అని చెప్పకుండా 'గడ్డ తీస్తారు' అని సర్దేస్తాం. భయపడుతుందని. కానీ ఆమె సంతకం పెట్టాలి, తర్వాత బిళ్లలు వేసుకోవాలి, అయోడిన్ చికిత్స అవసరమైతే గదిలో ఒంటరిగా ఉండాలి. ఏమీ తెలియకుండా ఇదంతా చేయడమే ఆమెకు ఎక్కువ టెన్షన్. ఎక్కువమందికి ఈ క్యాన్సర్ బాగా నయమవుతుందనే నిజం కూడా ఆమెకు తెలియాలి కదా. సర్జన్ దగ్గర ఒక సంగతి గమనించండి: ఆయన మీతోనే మాట్లాడుతున్నారా, అమ్మ ముఖం చూసి, ఆమెకు అర్థమయ్యే మాటల్లో కూడా చెబుతున్నారా? ఇద్దరు సర్జన్ల అంకెలు సమానంగా ఉంటే, అమ్మ ఎవరి దగ్గర కుదురుగా కూర్చుందో వారినే ఎంచుకోండి.

10. ఆపరేషన్ తర్వాతి రోజుల గురించి ముందే మాట్లాడండి

మొదటి రాత్రి ముఖ్యం. మెడ లోపల రక్తం చేరితే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. అది ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే జరుగుతుంది. ఆ రాత్రి వార్డులో డ్యూటీ డాక్టరు ఉంటారా, అవసరమైతే కుట్లు విప్పగలిగేవారు ఎవరు అని అడ్మిట్ కాకముందే అడగండి. మెడ ఉబ్బడం, బిగపట్టినట్టుండటం, ఊపిరి అందకపోవడం కనిపిస్తే నర్సు వచ్చేదాకా ఆగకండి, మీరే పరుగెత్తి పిలవండి.

కాల్షియం తగ్గితే పెదవుల చుట్టూ, వేళ్ల చివర్లలో తిమ్మిర్లు వస్తాయి, చేతులు కొంకర్లు పోతాయి. ఇది రెండు మూడు రోజులకు కూడా రావచ్చు. ఇల్లు కొల్లాపూర్‌లోనో, దేవరకొండ అవతల తండాలోనో ఉంటే, డిశ్చార్జ్ అయిన రోజే ఊరికి తీసుకెళ్లొద్దు. పట్నంలో చుట్టాల ఇంట్లో రెండు మూడు రోజులు ఉంచండి. ఆ తర్వాత కూడా, కాల్షియం ఇంజెక్షన్ ఇవ్వగలిగే దగ్గరి ఆసుపత్రి ఏదో చూసి పెట్టుకోండి.

మొత్తం తీసినవారు థైరాక్సిన్ బిళ్ల రోజూ పరగడుపున, టీకి కూడా ముందే, వేసుకోవాలి. కాల్షియం బిళ్లను దానితో కలిపి వేసుకోకూడదు, మధ్యలో కనీసం నాలుగు గంటలు తేడా ఉండాలి. రేడియో అయోడిన్ అందరికీ అవసరం లేదు. అవసరమైతే ముందు అయోడిన్ తక్కువ ఉండే తిండి తినాలి, తర్వాత కొన్ని రోజులు చిన్నపిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండాలి. ఇంట్లో కోడలు కడుపుతో ఉంటే ఇది ముందే ఆలోచించుకోవాల్సిన విషయం.

ఈ తిరుగుడంతా నెలల తరబడి ఉంటుంది. తెలంగాణ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కాబట్టి అమ్మ ప్రయాణం ఖర్చు తగ్గుతుంది, ఆధార్ దగ్గర పెట్టుకోండి. చెకప్‌కు వెళ్లినప్పుడు అదే సర్జన్ చూస్తారా, వేరేవారు చూస్తారా అనేది కూడా ముందే అడగాల్సిన ప్రశ్నే.

డిశ్చార్జ్ రోజు మూడు కాగితాలు మీ చేతికి రావాలి: డిశ్చార్జ్ సమ్మరీ, మందుల చీటీ, ఆపరేషన్ నోట్ జిరాక్స్. మూడోది అడిగితేనే ఇస్తారు. అందులో రెండు వైపుల నరాలు కనిపించాయా, ఎన్ని పారాథైరాయిడ్లు మిగిలాయి, ఏ నోడ్లు తీశారు అని రాసి ఉంటుంది. బయాప్సీ రిపోర్టు వచ్చాక అదే ఫైల్లో పెట్టి, దాన్ని తీసుకుని సర్జన్‌ను మళ్లీ కలవండి. తీసిన ముక్కలను భద్రపరిచి ల్యాబులో ఉంచే మైనపు బ్లాకులను పారేయకుండా ఎన్నాళ్లు ఉంచుతారో కూడా అదే రోజు అడిగి, ఫైల్ అట్ట మీద రాసుకోండి.